ఇల్లు చెప్పడం

పెద్దిల్లు, వీపనగండ్ల దగ్గర
నవంబర్ 10

ప్రియమైన ఉమా,

ఈ పొద్దున వంటింట్లో నాగేంద్రమ్మ పప్పు ఎనుపుతుంటే జయశ్రీ మేడం పలక మీద "ఉప్పు తక్కువ" అని రాసి ఆమె ముందు పట్టుకున్నారు. నాగేంద్రమ్మకు చదువు రాదు. పలక వైపు కాసేపు చూసి, "మంచిగ రాసినవమ్మా" అంది. మేడం నవ్వబోయి గొంతు పట్టుకున్నారు.

మేడం గొంతుకు హైదరాబాదులో ఆపరేషన్ అయింది. ఎనిమిది వారాలు ఒక్క మాట కూడా మాట్లాడవద్దని, గుసగుసగా కూడా వద్దని డాక్టర్ చెప్పారు. అందుకే పలక.

జూన్‌లో ఇక్కడ పనికి కుదిరినప్పటి నుంచి ఈ ఇంటి గురించి చెప్పమని అడుగుతున్నావు. ఫోన్‌లో నాకు మాట రాదని నీకు తెలుసు. పైగా ఈ గోడలు రెండు మూరల మందం, లోపల సిగ్నల్ ఉండదు. హాస్టల్‌లో సిస్టర్ ప్రతి శనివారం మనచేత ఇంటికి ఉత్తరం రాయించేది కదా. ఇవాళ శనివారం కాదు, అయినా రాస్తున్నాను.

శివశంకర్ సార్ బొమ్మలు వేస్తారు. మేడం మట్టితో పాత్రలు చేస్తారు. ఆరేళ్ళ కింద పట్నంలో ఉన్న ఇల్లు అమ్మి, పడిపోతున్న ఈ ఇంటిని కొన్నారు. సంస్థానం రోజుల్లో శిస్తు వసూలు చేసినవాళ్ళ ఇల్లు. దొరల గడి అనేంత పెద్దది కాదు. ఊర్లో అందరూ పెద్దిల్లు అంటారు. కొన్నప్పుడు నాలుగు గదులకు పైకప్పు లేదట. సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్ళు కలిపి నూరి ఇద్దరూ తమ చేతులతోనే గోడలు మెత్తారు. సార్ గోళ్ళలో ఇప్పటికీ సున్నం ఉంటుంది. రెండు గదులు అతిథులకు ఇస్తారు. నా పని పడకలు సర్దడం, వచ్చేవాళ్ళకు జవాబులు రాయడం, సార్ పుస్తకాలకు అట్టలు వేయడం. అట్ట వేసే ముందు చదవడం కూడా నా పనేనని సార్ అన్నారు.

ఈ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. వచ్చినవాళ్ళకు గది చూపించే ముందు ఇల్లు చెబుతారు. ప్రతి గది దగ్గర ఆగి, ఇక్కడ ఎవరు పడుకున్నారు, ఎవరు పుట్టారు, ఈ దూలం ఏ అడవి నుంచి ఎడ్లబండి మీద వచ్చింది, ఈ పగులు ఏ వానకు పడింది, అన్నీ చెబుతారు. అది అయ్యాకే భోజనం. "ఇంట్ల ఎవరెవరున్నరో తెల్వకుండ నిద్రెట్ల పడతది?" అనేవారు మేడం. ఆమె చెబుతుంటే నేను నీళ్ళ గ్లాసులు పట్టుకుని నిలబడిపోయేదాన్ని. ఒక పెద్దాయన గుంజను తాకి దండం పెట్టుకున్నాడు ఒకసారి.

ఇప్పుడు చెప్పడానికి ఆమెకు గొంతు లేదు. సార్ పెద్ద బొమ్మ ఒకటి వేస్తున్నారు, ఆయనకు తీరిక లేదు. నిన్న మేడం పలక మీద రాశారు: "నువ్వు చెప్పు."

నేనా, పదిమందికి చెప్పడమా ఉమా! అయినా నేర్చుకుంటున్నాను. అంతా నోటికి వచ్చింది, ఒక్క చోట తప్ప. అక్కడ మాట ఆగిపోతోంది. ఈసారి పిరికితనం కాదు. మళ్ళీ రాస్తాను.

నీ
నిరోష


గద్వాల
నవంబర్ 18

ఓ నిరోషమ్మా,

నీ కవర్ చూసి మా హెడ్మాస్టర్ "ఏంది టీచరమ్మా, కోర్టు నోటీసా?" అన్నడు. "కాదు సార్, స్నేహితురాలు" అన్న. "గట్లనా, బతికున్నదా?" అన్నడు. ఈ కాలంల ఉత్తరాలు రాసేటోళ్ళు పోయిండ్రనుకుంటుండు.

నాకు గూడ మంచి భాష రాయొస్తది. పొద్దంత పిల్లలకు గదే చెప్తున్న. నీకు రాసేటప్పుడు ఎందుకు? నోట్లె ఎట్లొస్తే గట్ల రాస్త. నువ్వేమో వాట్సాప్‌ల "సరే", "ఊ" తప్ప పెట్టవు. ఉత్తరమంటే మాత్రం బుక్కు లెక్క రాస్తవు.

నువ్వు, పదిమంది ముందల మాట్లాడుడు! తొమ్మిదో తరగతిల ఉపన్యాసం పోటీ యాదుందా? నీ పేరు పిలిస్తే పోయి లైబ్రరీల బీరువా ఎనక దాక్కున్నవ్. పట్టుక రమ్మని సిస్టర్ నన్ను తోలింది. నేనొచ్చి నీ పక్కన్నే కూసున్న. ఇద్దరికి పడ్డయ్ దెబ్బలు. నీ వల్లనే.

నాకు నీ సార్ మీద, మేడం మీద జర కుళ్ళుగ ఉంది. ఇక్కడ నా ముచ్చట ఎవరడుగుతరు? సంచి నిండ నోటుబుక్కులు, నోటి నిండ చాక్‌పీసు దుమ్ము. నీకేమో చదువుకునుడు గూడ పనే అంట.

ఒక్క చోట మాట ఆగుతుందంటివి. గదేంది? సీరియల్ లెక్క సగంల ఆపకు. మొత్తం రాయ్.

ఉమ


పెద్దిల్లు
డిసెంబర్ 1

ప్రియమైన ఉమా,

ఇంటికి తూర్పున గింజలు దాచే గది ఉంది, గింజల అర్ర. దాని గోడకు బజారు వైపు ఒక కంత. రెండు జానల వెడల్పు ఉంటుంది. బయట నిలబడితే నా ఛాతీ ఎత్తుకు వస్తుంది. దాని కింది అంచు రాయి అద్దంలా నున్నగా ఉంటుంది.

సార్ వాళ్ళు ఇల్లు కొన్నప్పుడు ఆ కంత మట్టితో మూసేసి ఉందట. తెరిచారు. బొమ్మలు వేసే కళ్ళు కదా, మొదట ఆ నునుపునే చూశాయి. తరతరాలుగా ప్రమిద పెట్టి, నూనె ఒలికి, తుడిచి, రాయి అట్లా మెరుగు పట్టిందని సార్ అనుకున్నారు. చీకట్లో బజారున పోయేవాళ్ళకు దారి కనబడాలని ఈ ఇంటివాళ్ళు దీపం పెట్టేవారని అనుకున్నారు. మేడం ఆ కంతకు సరిపోయే ప్రమిద చేశారు. ఆరేళ్ళుగా రోజూ సాయంత్రం అక్కడ దీపం వెలుగుతోంది. ఇల్లు చెప్పడం అక్కడే ముగుస్తుంది. చివరికి అతిథి చేతనే దీపం వెలిగిస్తారు. కొందరు కళ్ళు తుడుచుకుంటారు. ఆ వెలుగు గోడ మీద పడి కదులుతుంటే నాకు కూడా చూడబుద్ధి అవుతుంది.

కానీ అది దీపం కంత కాదు. కూలి గింజలు పోసే కంత. పొలంలో పనిచేసినవాళ్ళు ఇంట్లోకి రాకూడదు, వాకిట్లోకి కూడా రాకూడదు. బజారులో వరుసగా నిలబడి కంత కింద కొంగు పట్టాలి. లోపలి నుంచి జొన్నలు పోసేవారు. పోసే మనిషి ముఖం పట్టే మనిషికి కనబడదు. తాకే అవసరం ఎవరికీ రాదు.

నాకెట్లా తెలుసని అడగకు. తెలుసు.

మొన్న పూణె నుంచి ఒక కుటుంబం వచ్చింది. సార్ వాళ్ళను నడివాకిలి దాకా తీసుకొచ్చి నాకు అప్పగించారు. గదులన్నీ చెప్పాను. కంత దగ్గరికి వచ్చి నోరు తెరిస్తే మాట రాలేదు. సార్ వెనక నుంచి అందుకుని దీపం కథ చెప్పారు. తర్వాత నాతో, "జర భయపడ్డవ్, అంతే. అలవాటైతది" అన్నారు. కోప్పడలేదు. మేడం నా చేతిలో ఒక తడి మట్టిముద్ద పెట్టారు, పిసుక్కోమని. ఆమెకు భయం వేసినప్పుడు అట్లా చేస్తారట.

ఇంత మంచివాళ్ళను నేను ఎక్కడా చూడలేదు. అదే కష్టంగా ఉంది.

సార్ వేస్తున్న పెద్ద బొమ్మ ఆ కంతదే. ఎనిమిది నెలల పని. ఫిబ్రవరిలో హైదరాబాదులో ప్రదర్శనకు పోతుంది. జనవరి పద్దెనిమిదిన పన్నెండు మంది భోజనానికి వస్తున్నారు. ఆరోజు మొదటి నుంచి చివరి దాకా నేనొక్కదాన్నే చెప్పాలట. దీపమని చెబితే అబద్ధం. ఉన్నది చెబితే వాళ్ళకు ఈ ఇంట్లో అన్నిటికంటే ఇష్టమైన చోటు పోతుంది. నాకు ఈ ఇల్లే పోవచ్చు. ఏం చేయాలో రాయి.

నీ
నిరోష


గద్వాల
డిసెంబర్ 9

నిరోషా,

ఏం చేయాల్నో చెప్త, విను. దీపమనే చెప్పు. ఇంకో మాట గూడ కలపకు.

ఎవరికి నష్టం చెప్పు? గింజలు పోసినోళ్ళు లేరు, పట్టినోళ్ళు లేరు. మా వడ్డేపల్లిల గూడ గసొంటి కంత ఒకటుంటుండె అని మా తాత అంటుండె. గిప్పుడు గక్కడ మొబైల్ షాపుంది. దానికోసం ఎవ్వరు ఏడుస్తలేరు.

నీకు పుస్తకాలిచ్చి చదువుకోమనేటోళ్ళు, తప్పు చేస్తే మట్టిముద్ద చేతుల పెట్టేటోళ్ళు మళ్ళ దొరుకుతరా? నువ్వు చెప్పంగనే వాళ్ళు "అబ్బ, మంచి పని చేసినవ్ బిడ్డా" అంటరనుకుంటున్నవా? అనరు. మంచోళ్ళకే ఎక్కువ కోపమొస్తది, వాళ్ళు మంచోళ్ళు అన్న ముచ్చట మీద ఏదన్న పడితే. నేను జూసిన.

అడగకు అన్నవ్ గని అడుగుతున్న. నీకెట్ల తెల్సు? బుక్కుల చదివినవా? బుక్కులల్ల ఉన్నయన్ని నిజం కావని నువ్వే చెప్తివి గద.

చలిగుంది. స్వెటర్ తొడుగు.

ఉమ


నాగర్‌కర్నూల్
డిసెంబర్ 27

ఉమా,

నువ్వు వద్దన్నావు. నేను చెప్పేశాను.

ఇరవై రెండున, మధ్యాహ్నం. సార్ బొమ్మ ముందు కూర్చున్నారు. మేడం కింద కూర్చుని మట్టి పిసుకుతున్నారు. నేను చాయ్ తీసుకుపోయాను. కప్పు కింద పెడుతూ అనేశాను. "సార్, అది దీపం కంత కాదు."

"మరేంది?" అని నవ్వారు.

చెప్పాను. నాలుగు మాటల్లో అయిపోయింది. సార్ కుంచె నీళ్ళలో పెట్టారు.

"ఎవరన్నరు?"

"అంటారు సార్."

మేడం మట్టి చేత్తోనే పలక అందుకుని "ఎవరు?" అని రాశారు. పలకంతా బురద అయింది. నేను గుడ్డతో పలక తుడిచి ఇచ్చాను.

సార్ లేచి బజారులోకి పోయి కంత చూసి వచ్చారు. "మరి ఆ నునుపు ఎక్కడిది? నూనె గాకుంటే రాయి గంత నున్నగ ఎట్లయితది?" అన్నారు. నాకు తెలియదు. "తెల్వకుండ ఎట్ల చెప్తవమ్మా?" అన్నారు మెల్లగా. ఆయన గట్టిగా అని ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం ఎవరూ దీపం పెట్టలేదు. పెట్టవద్దని కూడా ఎవరూ అనలేదు. "నూనె అయిపోయిందా ఏంది?" అని నాగేంద్రమ్మ అడిగితే సార్ లేచి లోపలికి పోయారు. ఇరవై నాలుగున క్రిస్మస్‌కు ఇంటికి బయలుదేరాను. సార్ బండి మీద బస్సు దాకా దింపారు. ఎప్పుడు పోయినా "మళ్ళ ఎప్పుడొస్తవ్?" అని అడుగుతారు. ఈసారి అడగలేదు. నా బట్టలు, పుస్తకాలు అక్కడే ఉన్నాయి.

నాకెట్లా తెలుసని అడిగావు. మా నాయనమ్మ ఈదమ్మది ఆ ఊరే. పెళ్ళయి ఇటు వచ్చేదాకా ఆ కంత కింద కొంగు పట్టింది. ఆమెకంటే ముందు వాళ్ళమ్మ పట్టింది. చిన్నప్పుడు నాకు అన్నం తినిపిస్తూ చెప్పేది. హాస్టల్‌లో నేను మాది మొదటి నుంచీ నాగర్‌కర్నూలే అని నీతో చెప్పాను. పనికి కుదిరినప్పుడు నాయనమ్మకు కూడా వీపనగండ్ల దిక్కు అని మాత్రమే చెప్పాను. ఊరి పేరు చెప్పలేదు.

మొన్న ఆమె చేట ముందు పెట్టుకుని బియ్యం ఏరుతుంటే చెప్పాను.

"ఏ ఇల్లే?"

"పెద్దిల్లు అవ్వా."

చేతులు ఆగాయి. "ఏడ పండుకుంటున్నవ్ గాడ?"

"లోపలనే. మేడ మీది అర్రల."

"మీది అర్రల!" అని నవ్వింది. నవ్వితే నోట్లో రెండే పళ్ళు. "దొరసాని పండుకుంటుండెనే గాడ. దోమలున్నయా?"

"మస్తున్నయ్."

"మంచిగైంది. దాన్ని గూడ కుట్టినట్టున్నయ్."

కంత ఇంకా ఉందా అని అడిగింది. ఉందన్నాను. కింది రాయి అంత నున్నగా ఎందుకుందని అడిగాను.

"కొంగులే బిడ్డా. కొంగు రాయికి ఆనిచ్చి పట్టాలె. జర సందిచ్చినా గింజలు మట్టిల పడతయ్. పడ్డయి ఏరుకోనియ్యకపోదురు. ఎంతమందిమి పట్టినమో. రాయి గూడ అరుగుతది గద."

అని మళ్ళీ బియ్యం ఏరుకుంది. కాసేపటికి, "ఎందుకు చెప్పినవే? నీకు గాడ మంచిగుండె గద" అంది.

నన్ను పిలుస్తారో లేదో తెలియదు.

నిరోష


వడ్డేపల్లి
జనవరి 3

నిరోషా,

సెలవు పెట్టి ఇంటికొచ్చిన. నీ ఉత్తరం గద్వాల నుంచి మా బాబాయి తెచ్చిచ్చిండు. మూడుసార్లు చదివిన.

ఎవ్వరు ఏడుస్తలేరు అని రాసిన. గది మీ అవ్వ గురించి రాసినట్టాయె. నాకు తెల్వదు. తెల్వకున్నా గట్ల రాయొద్దుండె.

నేను గూడ ఒకటి చెప్పాలె. ఇంటర్ సెలవులల్ల నువ్వు మా ఇంటికొచ్చినవ్. మా అమ్మ నీకు విస్తరాకుల అన్నం పెట్టింది. మాకందరికి పళ్ళాలు. "సుట్టానికి ఆకుల పెడ్తె మర్యాద" అన్నది. నువ్వు తలకాయ ఊపి తిన్నవ్. నువ్వు నమ్మినవ్ అనుకుని నేను నిమ్మలంగ పళ్ళెంల తిన్న. ఇప్పుడనిపిస్తుంది, నువ్వు నమ్మలే. మమ్మల్ని చూసి నమ్మినట్టు తిన్నవ్.

నిన్న అమ్మను అడిగిన. "గిప్పుడెందుకే గా ముచ్చట?" అన్నది. నాయన పత్తి చేను దిక్కు చూస్కుంట కూసున్నడు. ఇంట్ల ఎవ్వరు మాట్లాడుతలేరు. మంచిదే. నాకు గూడ మాట్లాడబుద్ధి అయితలేదు.

నిన్ను దీపమనే చెప్పుమన్న. నా తప్పు. వాళ్ళు పిలువకుంటే గద్వాలకు రా. నా అర్ర చిన్నదే గని కిటికీ ఉంది. ఇద్దరం ఒక్క పళ్ళెంల తిందం.

నీ
ఉమ


పెద్దిల్లు
జనవరి 20

ప్రియమైన ఉమా,

నాలుగో తారీఖున ఫోన్ మోగింది. తెలియని గొంతు, గరుకు కాగితంతో గీసినట్టు. రోజుకు పది నిమిషాలు మాట్లాడవచ్చని డాక్టర్ చెప్పారట. మొదటి రోజు మాటల్లో కొన్ని మేడం నాకోసం దాచారు. "నిరోషా, రా. ఇల్లు చెప్పాలె." నేను "ఊ" అన్నాను. నువ్వు నవ్వుతావు, కానీ అంతకంటే రాలేదు.

నేను వచ్చేసరికి కంతలో ప్రమిద లేదు. సార్ నన్ను చూడగానే అడిగింది ఒకటే. "ఆ నునుపు?" ఇన్ని రోజులు దాని గురించే ఆలోచిస్తున్నారట. కొంగులు ఆనించి పట్టేవారని చెప్పాను.

సార్ భుజం మీది తువ్వాల తీసుకుని బజారులోకి పోయారు. కంత కింద నిలబడి రెండు చేతులతో దాన్ని రాయికి ఆనించి, "జయా, పోయ్" అని పిలిచారు. మేడం లోపలి నుంచి జొన్నలు పోశారు. ఆయనకు పట్టడం రాలేదు. సగం మట్టిలో పడ్డాయి. ఏరడానికి వంగారు.

"పడినవి ఏరుకోనిచ్చేవారు కాదు సార్" అన్నాను.

అట్లాగే లేచి నిలబడ్డారు. కోళ్ళు వచ్చి గింజలు తినేదాకా అక్కడి నుంచి కదలలేదు. బజారులో పోయేవాళ్ళు సార్‌కు ఏమైందోనని చూశారు. తప్పు తెలిసినప్పుడు చాలామంది మాటలు వెతుక్కుంటారు. ఆయన తువ్వాల పట్టుకుపోయి నిలబడ్డారు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ అట్లాంటి మనిషి కనబడలేదు.

ఆ పెద్ద బొమ్మ ప్రదర్శనకు పోవడం లేదు. గోడ వైపు తిప్పి పెట్టారు. "ఎనిమిది నెలల పని సార్" అన్నాను. "పోనీ" అన్నారు. కానీ ఆరోజు అన్నం సరిగ్గా తినలేదు.

పద్దెనిమిదిన పన్నెండు మంది వచ్చారు. మొత్తం నేనే చెప్పాను. మొదట్లో వెనక నుంచి ఎవరో "జర గట్టిగ అమ్మా" అన్నారు. గట్టిగా చెప్పాను. చివరికి అందరినీ బజారులోకి తీసుకుపోయి కంత ముందు నిలబెట్టాను. "ఇక్కడ మా నాయనమ్మ నిలబడేది. పేరు ఈదమ్మ. కూలి గింజలకు కొంగు పట్టేది" అన్నాను. ఆ మాట సార్‌కు, మేడంకు కూడా అప్పుడే తెలిసింది. మేడం అరుగు మీద కూర్చుండిపోయారు.

సార్ ముందుకు వచ్చి, "ఆరేండ్లు నేనిక్కడ దీపం కథ చెప్పిన. అది నేను కల్పించుకున్నది. నమ్మి దీపం పెట్టినోళ్ళందరికి ఉత్తరాలు రాస్తున్న" అన్నారు. నిజంగానే రాస్తున్నారు. చిరునామాలు నేను వెతికి ఇస్తున్నాను.

వచ్చినవాళ్ళలో ఒకాయన రెండేళ్ళ కింద కూడా వచ్చి దీపం వెలిగించిపోయాడు. "దీపం కథే బాగుండె గద. తినే ముందర గిదెందుకమ్మా?" అన్నాడు. నాగేంద్రమ్మ గరిటె పట్టుకుని దర్వాజలో నిలబడి ఉంది. "దీపంతోని కడుపు నిండదు సార్. రాండ్రి, పప్పు చల్లారుతుంది" అంది. ఆయనే ముందు నవ్వాడు. భోజనంలో మాత్రం రెండోసారి పప్పు వద్దన్నాడు.

అందరూ పోయాక మేడం ఆరోజుకు మిగిలిన మాటలు ఖర్చు పెట్టారు. "మీ అవ్వను ఎప్పుడు తోలుకొస్తవ్?" అడుగుతానన్నాను. వస్తుందో రాదో తెలియదు. రాకపోయినా తప్పనను.

విస్తరాకు సంగతి. నమ్మలేదు ఉమా. కానీ మీ అమ్మ పల్లి పచ్చడి నిజంగా బాగుంది. ఆమెతో మాట్లాడు. నేను మళ్ళీ వస్తాను. ఈసారి పళ్ళెం నువ్వు పెట్టు.

నీ
నిరోష

తా.క. ఒకటి నీకు రాయలేదు. ఇల్లు చెప్పడం బజారు వైపు ముందు దర్వాజ దగ్గర మొదలవుతుంది కాబట్టి, పద్దెనిమిదిన నేనూ వచ్చినవాళ్ళతో కలిసి ఆ గడప దాటి లోపలికి వచ్చాను. పనిలో చేరిన ఏడు నెలల్లో అదే మొదటిసారి. అప్పటిదాకా పెరటి దర్వాజ నుంచే వస్తూ పోతూ ఉన్నాను. అట్లా రమ్మని నాతో ఎవరూ అనలేదు.